లెక్క చేసి చూపించాం సరే, ఎందుకలా చేశామో రాశామా? భౌతికశాస్త్ర అధ్యాపకులకు ఒక బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల డిగ్రీ, ఇంజినీరింగు కళాశాలల్లో మొదటి సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్న అధ్యాపక మిత్రులకు,

నమస్కారములు.

నేను ముప్పై ఏళ్లకు పైగా గుంటూరులో ఇదే పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఇప్పుడు సాయంత్రాలు బ్రాడీపేటలోని మా ఇంటి వరండాలో ఏడెనిమిది మంది పిల్లలు కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఉంటారు. ఫీజు లేదు కాబట్టి దాన్ని ట్యూషన్ అనలేను. వాళ్లలో కొందరు బీఎస్సీ, కొందరు బీటెక్. ఎవరి సంచి విప్పినా అందులో సాధించిన లెక్కలే ఎక్కువగా కనిపిస్తాయి: ఒకరి దగ్గర గైడు, ఒకరి దగ్గర సీనియరు నోట్సు జిరాక్సు, మరొకరి ఫోనులో లెక్కను ఫొటో తీయగానే పదో పన్నెండో వరుసల్లో జవాబు దించిపెట్టే యాప్. మా రోజుల్లో సాధన దొరకడమే కష్టంగా ఉండేది. విజయవాడ ఏలూరు రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో గంటలు గడిపితే ఎవరో పెన్సిలుతో లెక్కలు చేసి వదిలేసిన పుస్తకం చేతికొచ్చేది, అదే మహాభాగ్యం. ఇప్పుడు సాధనలకు కరువు లేదు. అయినా కొత్త లెక్క ఎదురైతే పిల్లవాడి కలం నాటిలాగే మొదటి వరుస దగ్గరే ఆగిపోతోంది.

దీనికి మనం ఇచ్చే సంజాయిషీ ఒకటుంది: ‘సొల్యూషన్లు చూసి చూసి పిల్లలు పాడైపోయారు, వాటిని దాచేస్తే గానీ బాగుపడరు’ అని. నేనూ చాలా ఏళ్లు అదే మాట అన్నాను. ఇప్పుడు ఆ మాట తప్పని అనుకుంటున్నాను కనుకనే ఈ లేఖ. సాధించిన లెక్క చదవడం దోషం కాదు. మనం రాసి ఇచ్చే సాధనల్లో చదివి నేర్చుకోదగినది ఉండటం లేదు, అదీ దోషం. ఆ దోషంలో నా వాటా ఎంతో కూడా దాచుకోకుండా చెబుతాను.

గత ఆగస్టులో ఒక సాయంత్రం మంగళగిరి వైపు నుంచి వచ్చే బీటెక్ కుర్రవాడు బ్యాంకింగు లెక్క, అంటే మలుపులో లోపలి వైపుకు వాల్చి కట్టిన రోడ్డు లెక్క, ఒకటి చేసి చూపించాడు. వెయ్యి కిలోల కారు, 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, 30 డిగ్రీల వాలు, ఘర్షణ లేదు. ఏ వేగంతో తిరగాలి, రోడ్డు తన తలానికి లంబంగా కారు మీద చూపే అభిలంబ బలం ఎంత అని ప్రశ్న. వేగం సరిగ్గానే వచ్చింది, సెకనుకు సుమారు 17 మీటర్లు. సూత్రం కంఠస్థం కాబట్టి రాకపోదు. అభిలంబ బలానికి మాత్రం ఎంజీ కాస్ తీటా (బరువును వాలు కోణపు కొసైనుతో గుణించినది) అని రాసి, గురుత్వ త్వరణం జీ విలువ 10 తీసుకుని, 8660 న్యూటన్లు అని కింద రెండు గీతలు కొట్టాడు.

తప్పు అని చెప్పకుండా, ‘కారు పైకి లేస్తోందా నాయనా, కిందికి దిగుతోందా?’ అని అడిగాను. రెండూ కాదు సార్ అన్నాడు. ‘అయితే నిలువు దిక్కున బలాలు లెక్క కట్టు’ అన్నాను. అతను 8660ని కాస్ 30 విలువ 0.866తో గుణించాడు, 7500 వచ్చింది. పక్కన బరువు 10,000 అని రాసుకున్నాడు. కాసేపు ఆ రెండు అంకెల వంక చూస్తూ ఊరుకుని, తలెత్తి, ‘మరి మిగతా 2500 ఎవరు మోస్తున్నట్టు సార్?’ అన్నాడు.

ఆ ప్రశ్న వేసినవాడు లెక్కలు రానివాడని ఎవరు అనగలరు? పది నిమిషాల్లో తనే సరిచేసుకున్నాడు. కారు త్వరణం మలుపు కేంద్రం వైపు, అంటే అడ్డంగా ఉంది. నిలువు దిక్కున త్వరణం లేదు. కాబట్టి అభిలంబ బలపు నిలువు భాగమే బరువు మొత్తాన్ని మోయాలి. అంటే అభిలంబ బలం ఎంజీని కాస్ తీటాతో భాగిస్తే వచ్చేది, 11,547 న్యూటన్లు. బరువుకన్నా తక్కువ కాదు, ఎక్కువ. ఇక్కడొక పిట్టకథ: మన మైదాన ప్రాంతపు రహదారుల మలుపుల్లో వాలు గరిష్ఠంగా 7 శాతం, అంటే నాలుగు డిగ్రీలు మాత్రమే. అంత చిన్న కోణానికి తప్పు జవాబుకూ ఒప్పు జవాబుకూ తేడా అర శాతం కూడా దాటదు. 2020లో తెరిచిన దుర్గ గుడి ఫ్లైఓవరు మీద కొండను చుట్టి వచ్చే బస్సు ఈ పొరపాటును ఎన్నటికీ బయటపెట్టదు. 30 డిగ్రీల వాలు ఉండే లెక్కల పుస్తకమే బయటపెట్టాలి.

సరిచేసుకున్న తరువాత అతను గైడులో వెనక్కి వెళ్లి, వాలుతలం మీద జారే దిమ్మె లెక్క తీసి, వేలు పెట్టి చూపించాడు. ‘ఇక్కడ ఎంజీ కాస్ తీటా ఎందుకు సరిపోయింది సార్? ఇదీ వాలే కదా, బొమ్మ కూడా ఇదే కదా?’

బొమ్మ అదే. మారింది త్వరణపు దిక్కు. దిమ్మె వాలు వెంబడి జారుతుంది. వాలుకు లంబంగా దానికి త్వరణం లేదు, అందుకని ఆ దిక్కున అభిలంబ బలమూ బరువులోని లంబ భాగమూ సరిసమానం. త్వరణం ఏ దిక్కున లేదో ఆ దిక్కున బలాలు సరిపోవాలన్న ఒక్క ఆలోచనే రెండు లెక్కలనూ నడిపిస్తోంది, జవాబులు మాత్రం వేరు. ఆ ఒక్క వాక్యం గైడులోని ఆ సాధనలో లేదు. ‘పటం నుంచి, ఎన్ సమానం ఎంజీ కాస్ తీటా’ అని మాత్రమే ఉంది.

మిత్రులారా, ఆ సాధన రాసింది నేనే. పన్నెండేళ్ల క్రితం ఒక ప్రచురణకర్త కోసం యాంత్రికశాస్త్ర అధ్యాయాలు రాసి ఇచ్చాను. నా రాతప్రతిలో ఆ వాక్యం ఉంది. అక్షాలు ఎందుకు వాలు వెంబడి తీసుకున్నామో రెండు వరుసలూ ఉన్నాయి. లెక్కకు అర పేజీ దాటకూడదు, పుస్తకం ధర పెరుగుతుంది, పిల్లలు అదంతా చదవరు అని ఆయన అన్నారు. కొట్టివేతలు నా చేతితోనే కొట్టాను. ఏ వరుసలు కొట్టానో గమనించండి: సమీకరణాలను ముట్టుకోలేదు, సూత్రంలో అంకెలు వేసే ప్రతిక్షేపణలను ముట్టుకోలేదు, ‘ఎందుకంటే’ అని మొదలయ్యే వరుసలు మాత్రమే పోయాయి. బీజగణితం పిల్లవాడు తంటాలు పడైనా చేసుకోగలడు. అతనికి ఎక్కడా దొరకనిది ఆ ‘ఎందుకంటే’ వరుసే, నేను కొట్టేసిందీ దాన్నే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదనడానికి ఆధారాలున్నాయి. 1981లో అమెరికాలో మిషెలీన్ చీ, ఆమె సహచరులు 24 భౌతికశాస్త్ర లెక్కలు ఇచ్చి, ఒక జాతివి ఒకచోట పేర్చమని అడిగారు. అప్పుడే మొదటి కోర్సు పూర్తిచేసినవాళ్లు వాలుతలం లెక్కలన్నీ ఒక కుప్ప, స్ప్రింగు లెక్కలన్నీ ఒక కుప్ప పెట్టారు. పీహెచ్‌డీ విద్యార్థులు శక్తి నిత్యత్వంతో తేలేవి ఒకచోట, న్యూటన్ రెండో నియమంతో తేలేవి ఒకచోట పెట్టారు. మా వరండా కుర్రవాడు కారును దిమ్మె కుప్పలో వేశాడు. బొమ్మను బట్టి పేర్చేవాళ్లు అందరూ అలాగే వేస్తారు. బొమ్మ వెనుక ఉన్న నియమం కనబడేలా మనం సాధన రాయనప్పుడు అతను దేన్ని చూసి పేర్చాలి?

అదే చీ బృందం 1989లో మరొక పని చేసింది. న్యూటన్ నియమాల మీద సాధించిన లెక్కలు కొద్దిమంది విద్యార్థులకు ఇచ్చి, చదువుతున్నంతసేపూ మనసులో అనుకునేది పైకి చెప్పమంది. తరువాత లెక్కలు బాగా చేసినవాళ్లు చదివేటప్పుడే ప్రతి వరుసనూ నిలదీశారు: ఈ బలం ఎక్కడి నుంచి వచ్చింది, ఈ అక్షం ఎందుకిలా తిప్పారు, ఇక్కడ నాకు అర్థం కాలేదు. సరిగా చేయలేకపోయినవాళ్లు చదివి ‘సరే, అర్థమైంది’ అనుకుని ముందుకు పోయారు. లెక్క చేసే వేళకు మళ్లీ ఉదాహరణ మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టారు. బాగా చేసినవాళ్లు కూడా ఉదాహరణ వైపు తిరిగి చూశారు గానీ తక్కువసార్లు, ఫలానా వరుస కోసమని వెతుక్కుంటూ. మన పిల్లల్లో రెండో రకమే ఎక్కువ అని మీరు అనవచ్చు. నిలదీయడం ఒకరు నేర్పితే వచ్చే అలవాటు కదా, మన తరగతి గదుల్లో దాన్ని ఏ పీరియడులో నేర్పుతున్నాం?

సాధనలు దాచేయాలన్న వాదానికీ ఒక జవాబుంది. 1985లో ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ బీజగణితంలో చేసిన ప్రయోగాల్లో, ఒక సాధించిన లెక్క చదివి వెంటనే అలాంటిదే ఒకటి చేసినవాళ్లు, ఏ ఆసరా లేకుండా అన్నీ తామే చేసినవాళ్లకన్నా తక్కువ సమయంలో నేర్చుకున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. కొత్తవాడు తెలియని లెక్కలో సూత్రం కోసం తడుముకుంటూ ఉంటే అతని బుర్రంతా ఆ తడుములాటకే ఖర్చయిపోతుంది, దాని నుంచి నేర్చుకోవడానికి చోటు మిగలదు. ఈతకు దిగేవాడికి మొదట నడుముకు బెండు కడతాం. అలాగని ఏటికి అడ్డంపడి ఈదగలిగినవాడికి కూడా బెండు కడితే అది అడ్డమే. నైపుణ్యం వచ్చిన విద్యార్థికి పూర్తి సాధన ఆటంకమవుతుందని తరువాతి పరిశోధనలు చెప్పిన సంగతీ ఇదే. కాబట్టి ప్రశ్న సాధన ఇవ్వాలా వద్దా అన్నది కాదు. ఎలాంటిది ఇవ్వాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది.

నేను మిమ్మల్ని కోరేది పెద్ద సంస్కరణ కాదు. బోర్డు మీద లెక్క చేసేటప్పుడు ప్రతి నిర్ణయం పక్కన దాని కారణం ఒక వాక్యంలో రాయండి. చెబితే చాలదా అంటారేమో. చెప్పినది గాలికి పోతుంది, పిల్లలు బోర్డు మీద ఉన్నదే నోట్సులోకి ఎక్కించుకుంటారు. ప్రతి వరుసకూ కారణం అక్కర్లేదు. ఒక లెక్కలో నిజమైన నిర్ణయాలు మూడో నాలుగో ఉంటాయి: దేన్ని వస్తువుగా తీసుకున్నాం, దాని మీద ఏయే బలాలు ఉన్నాయి, అక్షాలు ఎటు పెట్టాం, ఏ నియమం వాడాం. మిగిలినదంతా గుణకారం.

గిలక లెక్కనే తీసుకోండి. తాడుకు ఒక కొసన మూడు కిలోలు, రెండో కొసన రెండు కిలోలు; గిలకకు బరువు లేదు, ఘర్షణ లేదు. గైడులో త్వరణం సెకను వర్గానికి 2 మీటర్లు, తన్యత, అంటే తాడు లాగే బలం, 24 న్యూటన్లు అని నాలుగు వరుసల్లో తేలిపోతుంది. ఇదే లెక్కను మా పిల్లలకు ఇచ్చినప్పుడు నేను మొదట జవాబు అడగను. తాడులో తన్యత 20 న్యూటన్లకన్నా ఎక్కువా, తక్కువా అని అడుగుతాను. రెండు కిలోల ముద్ద పైకి వేగం పుంజుకుంటోంది కనుక తాడు దాని బరువుకన్నా గట్టిగా లాగాలి. మూడు కిలోల ముద్ద కిందికి వేగం పుంజుకుంటోంది కనుక తాడు దాని బరువుకన్నా మెత్తగా లాగాలి. కాబట్టి తన్యత 20కీ 30కీ మధ్య ఎక్కడో ఉండాలి. ఇంత అనుకున్నాక నాలుగు వరుసల సాధన చూపిస్తే, 24 దగ్గర పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు వేరు. ఆ తరువాత తన్యత ఎంజీకి సమానం అని రాసే అలవాటు, మొదటి సంవత్సరం జవాబుపత్రాల్లో మనందరికీ విసుగు పుట్టించే ఆ అలవాటు, దానంతట అదే తగ్గుతుంది.

ఆపైన ఆసరాను మెల్లగా తీసేయాలి. మొదటి లెక్క పూర్తి సాధనతో, రెండోదాంట్లో చివరి మెట్టు ఖాళీగా, మూడోదాంట్లో చివరి రెండూ ఖాళీగా, ఆఖరికి బొమ్మ మాత్రమే. చివరి నుంచి వెనక్కి ఎందుకంటే, కొత్తవాడికి మొదటి నిర్ణయమే అన్నింటికన్నా బరువు. దాన్ని ఆఖరున వాడి భుజాన పెడతాం. ట్యుటోరియల్ గంటలో జిరాక్సు కాగితాల మీద ఇలా ఇవ్వడానికి ఖర్చేమీ కాదు. అప్పుడప్పుడు తప్పు సాధన కూడా ఒకటి ఇచ్చి ఎక్కడ దారి తప్పిందో పట్టుకోమనండి. 8660 న్యూటన్ల కారు లెక్కను నేను ఇప్పుడు అందుకే వాడుతున్నాను, ఆ కుర్రవాడి అనుమతితోనే.

ఒక మాట భాష గురించి. 2021-22 విద్యాసంవత్సరం నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఇంగ్లిషు మాధ్యమంలోకి మారాయి. దాని మంచిచెడులు ఇక్కడ వద్దు. కానీ పదో తరగతి దాకా తెలుగులో చదివిన అమ్మాయి సాధనను ఇంగ్లిషులో ఎక్కించుకుంటుంది, కారణం మాత్రం తనలో తాను తెలుగులోనే వెతుక్కుంటుంది. ‘ఈ మైనస్ ఎందుకొచ్చిందమ్మా?’ అంటే ఇంగ్లిషు వాక్యం కూర్చుకోలేక తల దించుకున్న పిల్లే, తెలుగులో చెప్పమంటే, ‘పైకి పోయేదాన్ని ప్లస్ అనుకున్నాం కదండీ, బరువు కిందికి లాగుతుంది కదా’ అని చటుక్కున చెప్పింది. నోట్సు మార్జిన్‌లో కారణం తెలుగులో రాసుకోనివ్వండి. పరీక్ష పత్రం ఇంగ్లిషులో ఉంటే ఉండనీయండి, మార్జిన్‌ను ఏ విశ్వవిద్యాలయమూ మూల్యాంకనం చేయదు.

సమయం చాలదన్న అభ్యంతరం నాకు తెలుసు. సెమిస్టరు కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, మధ్యలో ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్. అంతకన్నా పెద్ద అడ్డంకి మరొకటి ఉంది, దాన్ని దాటవేస్తే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. మన దగ్గరకు వచ్చే పిల్లలు రెండేళ్లు ఇంటర్మీడియట్‌తో పాటు ఈఏపీసెట్ కోసం తయారైనవాళ్లు. ఆ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. అక్కడ ‘ఎందుకు’ అని ఆగినవాడు వెనకబడతాడు, షార్ట్‌కట్ గుర్తున్నవాడు ర్యాంకు తెచ్చుకుంటాడు. అలా రెండేళ్లు పరుగెత్తించిన పిల్లవాణ్ని మొదటి సెమిస్టరులో ఆగి ఆలోచించమంటే అతనికి అది వెనకడుగులా కనిపిస్తుంది. తప్పు అతనిది కాదు. అయితే అతణ్ని ఆపగలిగేది మనమే, ఎందుకంటే మన పరీక్షలు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్షలు కావు. మన ఇంటర్నల్ పరీక్షలో లెక్కకు ఐదు మార్కులు ఉంటే, అక్షాలు అలా ఎందుకు తీసుకున్నావో ఒక వాక్యంలో రాస్తే ఒక మార్కు, జవాబు నమ్మదగినదేనని ఎలా సరిచూసుకున్నావో రాస్తే మరొకటి అని ముందే ప్రకటించండి. మార్కు ఎక్కడుంటే పిల్లల చూపు అక్కడుంటుందని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? అధ్యాయానికి ఇరవై లెక్కలు ఎక్కించే బదులు ఆరు లెక్కలు ఇలా చేస్తే సిలబసు వెనకబడదు. నేను చివరి మూడేళ్లు అలా చేశాను, డిసెంబరుకు ఎప్పటిలాగే పూర్తయింది.

గైడులు రాస్తున్న మిత్రులకు విడిగా ఒక మనవి. పేజీలు తగ్గించమని మీమీదా ఒత్తిడి ఉంటుంది. తగ్గించక తప్పకపోతే లెక్కల సంఖ్య తగ్గించండి, లేదా ప్రతిక్షేపణ వరుసలు కలిపేయండి; కారణం చెప్పే వాక్యాన్ని మాత్రం ముట్టుకోకండి. నేను ముట్టుకున్నాను కనుక చెబుతున్నాను. ఆ పుస్తకం ఇంకా జిరాక్సుల్లో తిరుగుతోంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం నా వల్ల కాదు.

నా వల్ల అయిన పని ఒకటి చేశాను. యాంత్రికశాస్త్రంలో నలభై లెక్కలకు కారణాల వాక్యాలతో, ఖాళీలు వదిలిన ప్రతులతో సాధనలు తిరగరాశాను. కావలసినవారు తీసుకుని, నా పేరు తీసేసి, మీ తరగతికి తగ్గట్టు మార్చుకుని వాడుకోవచ్చు. ముప్పై తొమ్మిది లెక్కలకు కారణాలు నాకు తృప్తిగానే కుదిరాయి. ఒక్కటి కుదరలేదు: వాలు మీద జారకుండా దొర్లే ఘన గోళం. త్వరణం జీ సైన్ తీటాలో ఏడింట ఐదు వంతులు, ఘర్షణ ఎంజీ సైన్ తీటాలో ఏడింట రెండు వంతులు, వాలు పైవైపుకు, ఇంతవరకు సుళువే. ఘర్షణ లేకపోతే గోళం తిరగకుండా జారుతుంది, దాన్ని తిప్పాలంటే ఘర్షణ పైకే ఉండాలి అని కారణం రాశాను. చదివిన అమ్మాయి, ‘మరి సమతలం మీద స్థిర వేగంతో దొర్లే బంతికి ఘర్షణ సున్నా అన్నారు, మన స్కూటరు వెనక చక్రానికి ముందుకు అన్నారు, ఈ వాక్యం చదివితే ఆ రెండూ ఎలా తెలుస్తాయి?’ అని అడిగింది. మూడుసార్లు తిరగరాశాను. మూడింటికీ ఒకే వాక్యం ఇంకా చిక్కలేదు. మీ తరగతిలో ఎవరికైనా చిక్కి ఉంటే దయచేసి రాసి పంపండి, ఆ పేజీ ఖాళీగా ఉంచాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు